అవ్వ కడిగిన వేరు

ఆమె చనిపోయిందని మా పాస్టరు అయ్యగారు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు కలిగిన మొదటి ఆలోచన రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను. ‘ఈ ఏడు కోతపండుగ వాక్యం మళ్లీ నాకే వస్తుంది’ అనుకున్నాను. ఆ తర్వాతే నా నోట “అయ్యో” అన్న మాట వచ్చింది.

మా చర్చి సంఘం వరంగల్‌లో, కొత్తవాడకు దగ్గర. మగ్గం నేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, దవాఖానలో నర్సులు, నాలాంటి రిటైరైన బడిపంతుళ్లు, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చే కూలీలు అందులో ఉంటారు. ఏటా కోతపండుగ రోజున ఎవరి చేతి పంట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. వడ్లు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు వస్తాయి. నేతవాళ్లు తాము నేసిన జంపఖానా తివాచీ తెస్తారు. ఆ ఒక్క ఆదివారం అయ్యగారు ప్రసంగించరు. సంఘంలో ఒకరికి వాక్యం, అంటే ప్రసంగం, అప్పగిస్తారు. పదకొండేళ్లు వరుసగా ఆ వాక్యం నాదే.

నా ప్రసంగం పేరు ‘లోతు’. తల్లివేరు నిటారుగా కిందికి పోతుంది, కుడికీ ఎడమకీ చూడదు, విశ్వాసి కూడా అలాగే ఉండాలి అని చెప్పేవాణ్ణి. బోర్డు మీద ముల్లంగి లాంటి వేరొకటి గీసేవాణ్ణి. నేను బడిలో చెప్పింది సాంఘికశాస్త్రం. వేరును మట్టిలో చూసినవాణ్ణి కాను. కానీ వాక్యం చిన్నప్పటి నుంచీ ఒంటబట్టింది. మా నాన్న బైబిల్లో ఒక అధ్యాయం చదివించనిదే చాయ్ ఇచ్చేవాడు కాదు. నలభై నిమిషాలు కాగితం చూడకుండా మాట్లాడగలను. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియాల్సినదానికంటే ఎక్కువే తెలుసు.

ఆ పదకొండో కోతపండుగకే ఆమె మొదటిసారి వచ్చింది. నేను లోతు గురించి మంచి ఊపులో ఉన్నాను. చెప్పులు విడిచే చోట గుసగుస మొదలైంది. ముందు పిల్లలు లేచిపోయారు. తర్వాత ఆడవాళ్ల మెడలు అటు తిరిగాయి. ప్రసంగం ముగించి, చిరాకుగా వెనక్కి వెళ్లి చూశాను. ఒక ముసలామె అల్యూమినియం బేసిన్ ముందు గొంతుకూర్చుంది. బేసిన్‌లో నీళ్లు. నీళ్లలో ఒక మిరపచెట్టు, కాయలతో సహా, పక్కకు పడుకుని ఉంది. దాని వేర్లు బేసిన్ అంతా పరుచుకుని ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు. వెంట్రుకకంటే సన్నటివి, పాలలాగా తెల్లగా, నీళ్లు కదిలితే కదులుతున్నాయి. అందరూ కాయలు తెస్తే ఆమె వేరు తెచ్చింది.

“అవ్వా, గివి మీసాలా?” అని ఒక పిల్లవాడు అడిగాడు.

“మీసాలు గాదురా, నోళ్లు. చెట్టు గిట్ల తాగుతది. నీకు ఒక్కటే నోరు గాబట్టి గంత లొల్లి పెడ్తవ్. దీనికి ఎన్ని ఉన్నయో చూడు, ఏమన్న అంటాందా?”

అందరూ నవ్వారు. నా నలభై నిమిషాల్లో ఒక్కరూ నవ్వలేదు. నన్ను చూసి ఆమె లేచి నిలబడింది.

“సారూ, మీరు చెప్పిన సీదా వేరు నిజంగనే ఉంటది. నేను గాదంట లేను. గని నారు పెరికి నాటేటప్పుడు గా వేరు కొన తెగుతది. తెగాలె గూడ. తెగకపోతే చెట్టు ఒంటికాలు మీద నిలబడ్డట్టే. తెగినంక పక్కలకెళ్లి పిల్లవేర్లు పడతయ్. గప్పుడు గాలికి ఆగుతది.”

అమాయకంగా, సాయం చేస్తున్నట్టు చెప్పింది. పదకొండేళ్ల నా ప్రసంగం ఆ బేసిన్‌లో మునిగిపోయిందని ఆమెకు తెలియదు. “మంచిది పెద్దమ్మా” అన్నాను.

ఆమె హైదరాబాద్ రోడ్డు మీద ఒక మిరపనారు నర్సరీలో పనిచేసేది. సొంతూరు రఘునాథపల్లి దిక్కు. అంతకుమించి ఆమె బతుకు గురించి నాకు తెలియదు. నేను అడగలేదు. అసూయపడే మనిషి ఎదుటివాళ్లను ఎంతో పరిశీలిస్తాడు గానీ ఏమీ అడగడు. అందుకే ఆమె చేతులు, మాటలు, కూర్చునే తీరు నాకు కంఠతా వచ్చు. ఆమెకు ఎంతమంది పిల్లలో మాత్రం ఆమె పోయాకే తెలిసింది.

ఏదైనా సరే కింది నుంచి చూసేది. మార్కెట్లో కొత్తిమీర కట్టను తలకిందులు చేసి, వేర్లు చూసి కొనేది. పసిపిల్లను చేతికిస్తే ముఖం కంటే ముందు పాదాలు పట్టుకునేది. చర్చిలో ఎంత పిలిచినా ముందు వరుసకు రాకుండా, జంపఖానా చివర, చెప్పుల పక్కనే కూర్చునేది. కళ్లు తెరిచే ప్రార్థించేది. “కండ్లు మూస్తే నిద్ర వస్తది బిడ్డా, పొద్దుగాల నాలుగింటికి లేచిన” అనేది. అందరినీ బిడ్డా అనేది, అయ్యగారిని కూడా. నన్ను మాత్రం సారూ అనేది. అది మర్యాద అని నా భార్య అనేది. నాకు మాత్రం గుమ్మం బయట నిలబెట్టినట్టు ఉండేది.

రోగుల దగ్గరికి ప్రార్థనకు వెళ్తే నేను సృష్టి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. సిలువ దాకా వచ్చేసరికి రోగి నిద్రపోయేవాడు. ఆమె మంచం పక్కన నిలబడి, రోగి అరికాలి మీద చెయ్యి వేసి, “ప్రభువా, నువ్వు చూస్తున్నవ్ గద. ఆమెన్” అనేది. అంతే. కొన్నాళ్లకు దవాఖానల నుంచి వచ్చే ఫోన్లలో, “సారూ, అవ్వను తోల్కొని వస్తరా?” అని అడగడం మొదలైంది. నేను ఆమెను స్కూటర్ మీద తీసుకెళ్లే డ్రైవర్‌నయ్యాను.

ఒకసారి అలా వెళ్తుంటే నర్సరీ దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆమె ఒక కందిచెట్టు వేరు తీసి, బ్లేడుతో నిలువుగా చీల్చి నాకు చూపించింది.

“సారూ, కొమ్మ కన్నుకాడికెళ్లి వస్తది. పైననే పుడతది. పిల్లవేరు గట్ల గాదు. చూసిన్రా, నడుమ నరం ఉన్నది గద, దాని పక్కన పుట్టి, తల్లి కండను చీల్చుకుంట బయటికి వస్తది. తల్లి గూడ జర సందు ఇస్తది. ఇయ్యకపోతే ఎట్ల వస్తది?”

“నీకెవరు చెప్పిన్రు?”

“ఎవలు చెప్తరు? బ్లేడు చెప్పింది.”

తప్పని నిరూపించాలని ఇంటికి వెళ్లి, మా తమ్ముడి కూతురి ఇంటర్ వృక్షశాస్త్రం పుస్తకం తిరగేశాను. బొమ్మతో సహా ఉంది. పార్శ్వవేర్లు, అంటే ఆమె చెప్పిన పిల్లవేర్లే, వేరు లోపలి పొరలో పుడతాయట. ఆ పొర పేరు పరిచక్రం. అక్కడ పుట్టి పై పొరలను తోసుకుంటూ బయటికి వస్తాయట. నేను పుస్తకం మూసిన చప్పుడుకు వంటింట్లోంచి నా భార్య తల బయటికి పెట్టింది.

“ఏందయ్యా, పుస్తకం గూడ అవ్వ దిక్కే ఉన్నదా?”

ఇద్దరు అన్నదమ్ములు అర్పణలు తెస్తే దేవుడు చిన్నవాడిదే మెచ్చాడని పెద్దవాడు తమ్ముణ్ణి చంపిన బైబిలు కథ, పిల్లల క్లాసులో చెప్పాల్సి వచ్చింది ఆ రోజుల్లోనే. పెద్దవాడు తెచ్చింది కూడా పొలం పంటే కదా, అతను మాత్రం కష్టపడలేదా అని పిల్లలతో వాదించాను. చెప్తుండగానే నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను.

ఆ ఏడు అయ్యగారు కోతపండుగ వాక్యం ఆమెకు ఇచ్చారు. “ఆమెకు చదువు రాదు గదా అయ్యగారూ” అన్నాను, ఆమె మేలు కోరినట్టు. “బేసిన్ తెస్తుంది గదా” అన్నారాయన.

తెచ్చింది. మట్టిలో రాయి ఉన్న చోట పెరిగిన మిరపచెట్టు అది. తల్లివేరు రాయి తగిలి మోచేయిలా వంగింది. ఆమె బేసిన్‌ను బల్ల మీద పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని మాట్లాడింది.

“రాయి తగిలిన కాడ వంగింది. చూడుండ్రి, వంపు లోపటి దిక్కు ఒక్క పిల్లవేరు లేదు. బయటి దిక్కే పెట్టుకున్నది. ఎందుకో నాకు ఎర్క లేదు. ఎన్ని పీకి చూసినా గట్లనే ఉన్నయ్. వంగిన కాడనే కొత్త వేరు. నాకు గింతే ఎర్క. వందనాలు.”

వెళ్లి చెప్పుల పక్కన కూర్చుంది. కిందటి నెలలో భర్తను పోగొట్టుకున్న ఒకామె మోకాళ్ల మధ్య తలపెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఆమె కోసం నేను మూడుసార్లు ఇంటికి వెళ్లి ఓదార్పు వాక్యాలు చదివి వచ్చాను. అప్పుడు ఏడవలేదు. తలుపు దాకా వచ్చి సాగనంపింది, అంతే.

తర్వాత నేను చేసింది దొంగతనం. వేరే మాట దొరకడం లేదు.

చుట్టుపక్కల ఊళ్ల సంఘాల్లో విశ్వాసం రగిలించే ఉజ్జీవ సభలకు నన్ను పిలిచేవాళ్లు. ‘లోతు’ను పక్కన పెట్టి ‘వంగిన వేరు’ అని కొత్త ప్రసంగం కట్టాను. చేనుగట్టు మీది మిరపచెట్టునొకదాన్ని గుంజి, బకెట్లో ముంచి, వేదిక మీద చూపించాను. “ఒకరోజు నేను తవ్వి చూస్తే ప్రభువు నాకు చూపించాడు” అన్నాను. అలా అనడం కష్టమవుతుందని అనుకున్నాను. కాలేదు. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆ ప్రసంగం చెప్పిన రెండో సభకు మా సంఘం వ్యానులో ఆమె కూడా వచ్చిందని ప్రసంగం అయ్యాకే చూశాను. వెనక నిలబడి ఉండడంతో మైకు గోలలో ఆమెకు ఎంత వినిపించిందో నాకు తెలియదు. ఆమె తిన్నగా నా బకెట్ దగ్గరికి వచ్చి, వంగి చూసింది.

“సారూ, చెట్టును గుంజిన్రా?”

“అవును పెద్దమ్మా. టైం లేకుండె.”

“అయ్యయ్యో. నోళ్లన్ని మట్టిలనే పోయినయ్. గిది చూపెడ్తే జనానికి ఏం తెలుస్తది? ఈసారి నాకు చెప్పుండ్రి. నేను కడిగిస్త.”

నిజంగానే కడిగి ఇచ్చింది. రెండేళ్లు, ఏ సభ ఉన్నా ఆమె కడిగిన వేరే. చెట్టును మట్టిగడ్డతో సహా తవ్వి తీసి, ముందురోజే తొట్టిలో నానబెట్టేది. తెల్లవారాక చెంబుతో సన్నటి ధార పోసేది. వేలు పెట్టేది కాదు. మట్టి దానంతటదే వదలాలి. ఒక్కో వేరు బయటపడుతుంటే దానితో మాట్లాడేది. “రా బిడ్డా, జర నెమ్మదిగ.” వేరుకు కూడా బిడ్డా అనేది.

ఒక పొద్దున నేను బేసిన్ కోసం వెళ్లినప్పుడు, ధార ఆపకుండానే అడిగింది.

“గివి ఎవలు కడిగిండ్రని అడుగుతరా సారూ ఆడ?”

“అడుగుతరు.”

“ఏమంటరు?”

“నీ పేరే చెప్తా పెద్దమ్మా. చెప్పకుంట ఎట్లుంట?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వద్దు సారూ, ఇజ్జత్ పోతది” అని నవ్వింది. నేను బేసిన్‌ను జాగ్రత్తగా సభవాళ్లు పంపిన కారు డిక్కీలో సర్దుతుంటే, వెనక ట్రేలలో నారు లెక్క చూస్తున్న ఆడవాళ్లతో ఆమె అంటున్నది వినిపించింది. “ఏమేవ్, ఇన్నరా, సారు సభలల్ల నా ముచ్చట చెప్తడట.” ఆ సాయంత్రం సభలో ఒకాయన నిజంగానే అడిగాడు, ఇంత శుభ్రంగా ఎలా కడిగారని. “ఓపిక ఉండాలి బ్రదర్” అన్నాను.

మొన్నటి వానాకాలంలో, నారు ఎగుమతి అయ్యే రోజుల్లో, పని మధ్యలో కూలబడి పోయింది. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందన్నారు. సమాధి దగ్గరికి నర్సరీ ఆడవాళ్లు పని మీద నుంచి అలాగే వచ్చారు. గోళ్ల నిండా నారు ట్రేలలో నింపే కొబ్బరిపొట్టు ఉంది. మట్టి వేయడం అయ్యాక ఆమె కోడలు నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కూడా ఆ నర్సరీలోనే పని చేస్తుంది.

“సారూ, మా అత్త ముచ్చట ఊరూరా చెప్పిన్రట గద. మస్తు సంబురపడేది. మొన్న జరం వచ్చి పండుకున్నప్పుడు గూడ గదే యాది చేసుకున్నది. మీకు ఎట్ల రుణం తీర్చుకోవాలె?”

ఆ చేతులు విడిపించుకుని ఎలా ఇంటికి వచ్చానో తెలియదు. నా భార్య అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా చెప్పాను. అంతా విన్నాక ఆమె అడిగింది.

“ప్రభువు ముందట ఒప్పుకున్నవా?”

“ఒప్పుకున్నా.”

“ఆయనకు ముందే ఎర్క గద. ఎర్క లేనోళ్లకు చెప్పు.”

జ్ఞాపకార్థ కూడికలో ఆమె గురించి సాక్ష్యం చెప్పమని అయ్యగారు నన్నే పిలిచారు. మా సంఘం ఉంది. నేను ప్రసంగించిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. కోడలు ముందు వరుసలో కూర్చుంది. చెప్పాను. ఆ వేరు నేను తవ్వింది కాదు, ఆ మాట నాది కాదు, ఆ కడగడం నాది కాదు, ఆమె పేరు ఏ ఊళ్లోనూ చెప్పలేదు, చెప్తానని ఆమె ముఖం మీద అబద్ధమాడాను అని చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. ఆమెను చూస్తే నాకు కడుపు మండేది. చదువులేని ముసలామెకు ప్రభువు చూపించినవి, ఇన్నేళ్లుగా ఆయన గడప పట్టుకుని ఉన్న నాకెందుకు చూపించలేదని మండేది. కోడలు తల ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అనిపించింది. నా గొంతు వణికింది. ఆ వణుకు బాగా కుదిరిందని కూడా, ఆ క్షణంలోనే, లోపల ఒక మూల అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

బయటికి రాగానే రఘునాథపల్లి అవతలి ఊరి సంఘపెద్ద ఒకాయన నన్ను కావలించుకున్నాడు.

“సారూ, గింత దమ్మున్న సాక్ష్యం నేను ఎన్నడు ఇనలే. వచ్చే నెల మా సభలున్నయ్. మీరు వచ్చి గిదే చెప్పాలె. గా వేరు, గా అవ్వ, మీ ఒప్పుకోలు, అన్ని కలిపి. జనం కూలిపోతరు.”

నా నోరు ‘సరే’ అనడానికి తెరుచుకుంది. ఆమె నుంచి ఇంకొక ప్రసంగం. ఈసారి నా పాపంతో సహా. అది ఎంత బాగా వస్తుందో నాకు అప్పటికే వినిపిస్తోంది.

“ఆమె కోడలు ఉన్నది” అన్నాను. “వేరు కడగడం ఆమెకు వచ్చు. ఆమెను పిలువుండ్రి.”

“గామె మాట్లాడ్తదా?”

“ఎర్క లేదు. అడుగుండ్రి.”

“మరి మీరు?”

“బేసిన్ మోసుకొస్తా.”

కోడలిని ఒప్పించడానికి నేనే వెళ్లాను. మొదటిసారి నా వైపు తిరగకుండా నారు ట్రేల మీద నీళ్లు చల్లుతూనే ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు, “మా అత్త పేరు మీద అయితే వస్త. మీ కోసం రాను” అంది. అంతకంటే నేను అడగగలిగింది కూడా లేదు.

సభ రోజు షామియానా నిండింది. వేదిక పక్కన పెద్ద ఫ్యాను ఈదురుగాలిలా వీస్తోంది. కోడలు తానే కడిగిన చెట్టును తెచ్చింది. ఆ సంఘపెద్ద పరిచయం చేశాడు. ఆమె లేచి, చెట్టును బేసిన్‌లోంచి పైకెత్తి జనానికి చూపించింది. అంతటితో ఆగిపోయింది. వందల ముఖాలు. మైకును నా వైపు చాచింది.

“సారూ, నాతోని గాదు. మీరే చెప్పుండ్రి.”

మైకు నా చేతిలోకి వచ్చింది. దాని బరువు నా చేతికి బాగా అలవాటు. జనం నా వైపు తిరిగారు. మొదటి వాక్యం నాలుక కొస మీద సిద్ధంగా ఉంది. ఆమె చేతిలోని వేర్లను చూశాను. ఫ్యాను గాలికి నీరు కారిపోయి, ఆ తెల్లటి దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుని, ముడుచుకుపోతున్నాయి.

“నీళ్లల్ల పెట్టమ్మా. వేరు ఆరిపోతాంది” అన్నాను. మైకులో షామియానా అంతా వినిపించింది.

ఆమె ఉలిక్కిపడి చెట్టును బేసిన్‌లోకి దించింది. వేర్లు నీళ్లలో మెల్లగా విడిపోయి, పరుచుకున్నాయి. ఆమె జనాన్ని చూడడం మానేసి వాటినే చూడసాగింది. చూస్తూ చూస్తూ, ఎవరితోనో ఇంట్లో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

“గిట్ల కడుగుడు మా అత్త నేర్పింది. ఏలు పెట్టొద్దు అనేది…”

నేను గొంతుకూర్చుని మైకును ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను. ఆమె తడబడుతోంది, ఒకే మాటను రెండుసార్లు చెప్తోంది. నేనైతే అక్కడ ఆగేవాణ్ణి కాదు, ఇక్కడ గొంతు పెంచేవాణ్ణి అని లోపల ఒకడు సర్దుతూనే ఉన్నాడు. వెనక ఎవరో “ఎంత మంచిగ చెప్తాంది” అన్నారు. కడుపు మండింది, మునుపటిలాగే. చెయ్యి పీకుతోంది. మైకు దించలేదు.